ఎంత కాలిందో చూసే నజర్ కావాలి

మా అమ్మీకి షుగర్ వచ్చి 20 ఏండ్లు దాటింది. మొన్న కంటి దవాఖానాలో రెటీనాకు లేజర్ పెట్టించాం. పోయేటప్పుడు దారి పొడవునా ఒకటే సవాల్: "ఎంత కాల్చాలో డాక్టర్ సాబ్‌కి ఎట్ల తెలుస్తది బేటా?"

డాక్టర్ సాబ్‌నే అడిగేసింది. ఆయన నవ్వి, "కాలిన చోట తెల్లబడుతుందమ్మా, అది చూసుకుంటూ పోతా" అన్నారు. అంతే సంగతి. కోడిగుడ్డు సొన పెనం మీద తెల్లబడ్డట్టే. వేడికి ప్రొటీన్లు గడ్డకడితే వెలుగు నేరుగా పోలేక చెదిరిపోతుంది. ఒక్కో కంటికి వెయ్యికి పైగా మచ్చలు పెట్టే ఇలాజ్ ఇది. మామూలు పద్ధతిలో ఆ తెలుపే డాక్టర్‌కు గవాహ్.

మరి కాలేయంలో గడ్డను లేజర్‌తో కాల్చేటప్పుడు? సన్నని ఫైబర్ లోపలికి దింపుతారు. అక్కడ ఏ కన్నూ చేరదు. పక్కన ఉష్ణోగ్రత కొలిచే తీగ పెడతారు, లేదా ఎమ్మారైలో చూస్తారు. బాగానే ఉంది. కానీ వేడి వేరు, నష్టం వేరు జనాబ్! 60 డిగ్రీలు దాటితే కణాలు సెకన్లలో పోతాయి, 50 పైచిలుకులో నిమిషాలు పడుతుంది. పక్కనే రక్తనాళం ఉంటే వేడిని మోసుకుపోతుంది. డిగ్రీలూ నిమిషాలూ కలిపి లెక్క కడితే వచ్చేది మంచి అందాజే. అయినా అందాజే. తక్కువ కాలితే గడ్డ మళ్లీ లేస్తుంది, ఎక్కువ కాలితే బాగున్న కాలేయం పోతుంది.

అందుకే నా రాయ్ ఏమిటంటే, వెలుగునే అడగాలి. ఇంకో సన్నని ఫైబర్‌తో మామూలు వెలుగు పంపి, తిరిగొచ్చింది ఎంతో చూస్తే కణజాలం ఎంత గడ్డకట్టిందో తెలుస్తుంది. పరిశోధకులు దీన్ని ఎప్పటినుంచో ప్రయత్నిస్తున్నారు. ఇందులో ఇంకో ఫాయిదా: గడ్డకట్టిన కొద్దీ లేజర్ కూడా లోతుకు పోలేదు, ఆ మార్పూ అక్కడికక్కడే పట్టుబడుతుంది. కమీలు లేవని కాదు. ఈ వెలుగు కొన్ని మిల్లీమీటర్లే చూడగలదు, రక్తం అడ్డొస్తే, మసి పట్టితే మోసపోతుంది. కాబట్టి థర్మామీటర్ తీసేయమనను, దాని పక్కన దీన్నీ కూర్చోబెట్టమంటాను. కోట్ల రూపాయల ఎమ్మారై అన్ని దవాఖానాలకూ నసీబ్ కాదు కదా. లేజర్ మెషీన్ కొనేటప్పుడు ఎన్ని వాట్లు అని అడిగే వాళ్లు, ఎంత కాలిందో ఏది చెబుతుందని కూడా అడగాలి. గరీబ్ మరీజ్‌కూ ఆ హఖ్ ఉంది.

అమ్మీ రెండో కంటికి వచ్చే నెల తారీఖు ఇచ్చారు. ఈసారి ఎన్ని మచ్చలు పెట్టారో లెక్క అడుగుతానంటోంది.