‘దో సాల్ కీ బాత్ హై’

మన ఖౌమ్‌లో అన్నిటికన్నా ఎక్కువగా చెలామణీ అయ్యే అబద్ధం ఏదని ఎవరైనా అడిగితే నేను ఠక్కున చెప్తాను: ‘దో సాల్ కీ బాత్ హై.’ రియాద్‌కో, దమ్మామ్‌కో, దోహాకో బీవీబచ్చేల్ని వెంటేసుకుని బయల్దేరే ప్రతి బాప్ ఈ మాటే అంటాడు. అమ్మీకి చెప్తాడు, ససురాల్‌లో చెప్తాడు, రాత్రిపూట తనకు తాను చెప్పుకుంటాడు. అప్పు తీరుతుంది, ప్లాట్ మీద స్లాబ్ పడుతుంది, వాపస్ వచ్చేస్తాం. నా రిష్తేదారుల్లో, నా దోస్తుల్లో రెండేళ్ళకే వాపస్ వచ్చిన ఖాందాన్లను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. తక్కినవాళ్ళ రెండేళ్ళు ఎనిమిదయ్యాయి, పన్నెండయ్యాయి.

పోవద్దని నేను అనడం లేదు. రోజీ కోసం పోవడం గునాహ్ కాదు. పిల్లలు బాప్‌ని ఫోన్ తెరమీద చూస్తూ పెరగడం కన్నా అందరూ ఒక కప్పు కింద ఉండటమే నయం. లేబర్ వీసా మీద పోయినవాడికి ఆ అవకాశమే లేదు. ఫ్యామిలీ వీసా దొరికినవాడు నసీబున్నవాడు. నా ఝగడా పోవడంతో కాదు, ‘ఆర్జీ’ అనే మాటతో. తాత్కాలికమే కదా అనే ఆ ఒక్క మాట చాటున పిల్లల గురించి ఏ ఫైసలా చేయకుండా తప్పించుకుంటున్నాం.

నమాజీలకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. హనఫీ ఫిఖ్ ప్రకారం సఫర్‌లో ఉన్నవాడు ఒకచోట 15 రోజులో, అంతకన్నా ఎక్కువో ఉండాలని నియ్యత్ చేసుకుంటే ముఖీమ్ అవుతాడు, నాలుగు రకాతులూ పూర్తిగా చదవాలి. ‘రేపు పోతా, ఎల్లుండి పోతా’ అనుకుంటూ ఉండిపోయినవాడు ఏళ్ళు గడిచినా ముసాఫిరే, అతనికి రెండు రకాతుల ఖస్ర్ చాలు. నమాజుకు ఆ సహూలత్ ఉంది. పిల్లల తాలీముకు లేదు. మనవాళ్ళు మాత్రం పిల్లల బచ్‌పన్ని కూడా ఖస్ర్ చేసేస్తున్నారు. ‘ఎట్లాగూ పోయేవాళ్ళమే కదా’ అని అక్కడి అరబీ నేర్పరు. ‘ఎట్లాగూ వచ్చేవాళ్ళమే కదా, వచ్చాక నేర్చుకుంటాడులే’ అని ఇక్కడి తెలుగూ నేర్పరు.

పెద్దవాడి రెండేళ్ళు వేరు, పిల్లవాడి రెండేళ్ళు వేరు. నలభయ్యేళ్ళ మనిషికి రెండేళ్ళంటే జిందగీలో ఇరవయ్యో వంతు. ఆరేళ్ళ బచ్చాకు మూడో వంతు. అదీ మాట కుదురుకుని, అక్షరం దిద్దే వయసు.

నా ఖాలా కూతురి కొడుకు నాలుగేళ్ళప్పుడు పోయి పదమూడో ఏట వచ్చాడు. తెలివైన పిల్లవాడు, ఇంగ్లిష్ దడదడలాడిస్తాడు. నానీమాతో మాట్లాడేది సినిమాల్లోంచి వచ్చిన హిందీ. ఆమె ‘నక్కో’ అంటే నవ్వుతాడు, ‘హౌ’ అంటే ఏమిటని అడుగుతాడు. ఉర్దూ రాయలేడు. వాడు చదివిన స్కూల్లో తెలుగు లేదు, ఇంట్లో ఎవరూ పలక పట్టించలేదు. బస్సు మీద ఊరి పేరు చదవలేక పక్కవాణ్ణి అడుగుతాడు. తొమ్మిదేళ్ళు గమ్మున ఉన్న వాళ్ళ బాప్ ఇప్పుడు ఫోన్ చేసి ‘భాయ్‌జాన్, ఆర్నెల్లలో తెలుగు నేర్పే మాస్టర్ ఎవరైనా ఉన్నారా’ అంటున్నాడు.

తెలంగాణలో 2018 చట్టంతో బడుల్లో తెలుగు తప్పనిసరి అయింది. అది ఏ బోర్డు బడికైనా వర్తిస్తుంది. మినహాయింపు కోసం పరుగులు పెట్టే తల్లిదండ్రులు నాకు తెలుసు. మినహాయింపు దొరికితే పరీక్ష తప్పుతుంది, జిందగీ తప్పదు కదా. నేను ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. తెలుగు నాకు అమ్మీ ఒళ్ళో రాలేదు, దిద్ది దిద్ది నేర్చుకున్నాను. అందుకే గట్టిగా చెప్తున్నా: తహసీల్ ఆఫీసులో అర్జీ రాయాలన్నా, ఠాణాలో తన బయానుగా ఏం రాశారో చదివి దస్తఖత్ పెట్టాలన్నా ఇక్కడ తెలుగు కావాలి. అది రాని ముసల్మాన్ బచ్చా తన హఖ్ కోసం కూడా ఇంకొకరి నోరు అరువు తెచ్చుకోవాలి.

ఇక సీట్ల సంగతి. 371డి కింద వచ్చిన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మన కాలేజీల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్ళవి. లోకల్ కావాలంటే మామూలుగా ఇంటర్‌తో ముగిసే వరస నాలుగేళ్ళు ఇక్కడే చదివుండాలి. అంటే తొమ్మిది నుంచి పన్నెండు దాకా. జిద్దాలో పన్నెండు పాసై వచ్చిన పిల్ల, తాతముత్తాతలు కరీంనగర్‌లో పుట్టినా, నాన్‌లోకల్. తల్లో తండ్రో పదేళ్ళు ఇక్కడ ఉన్నట్టు కాగితాలు చూపించి, మిగిలిన ఆ చిన్న వాటాలో పోటీ పడాలి. 2007 చట్టంతో వచ్చిన నాలుగు శాతం బీసీ-ఇ రిజర్వేషన్ కోసం ఎంత కొట్లాడామో గుర్తుందా? నాన్‌లోకల్ అయ్యాక అది కూడా ఆ చిన్న వాటా వరకే. ఈ సంగతి ఎయిర్‌పోర్టుకు పోయే ముందు ఎందరికి మాలూమ్?

వాపస్ తారీఖ్ మన చేతిలో ఉందనుకోవడం ఇంకో భ్రమ. 1990 ఆగస్టు 2న కువైట్‌లోకి ఇరాక్ ఫౌజ్ దిగింది. దాదాపు 1,70,000 మంది హిందుస్తానీలను అమ్మాన్ మీదుగా విమానాల్లో తీసుకురావాల్సి వచ్చింది. 2017 జూలైలో సౌదీ, డిపెండెంట్ ఒక్కొక్కరి మీద నెలకు 100 రియాళ్ళ ఫీజు పెట్టి, ఏటా ఇంకో 100 పెంచుతూ 2020కి 400 చేసింది. బీవీ, ముగ్గురు పిల్లలుంటే నెలకు 1600 రియాళ్ళు. ఎన్ని ఖాందాన్లు సామాన్లు అమ్ముకుని వచ్చాయో మన మొహల్లాల్లో అడగండి. 2020లోనే కరోనా వచ్చింది, నౌకరీలు పోయి వందేభారత్ విమానాలు ఎక్కారు. పిల్లలు ఏ క్లాసులో ఉన్నారని వీటిలో ఏదీ అడగలేదు.

‘అక్కడ ఇస్లామీ మాహోల్ ఉంటుంది’ అంటారు. హరమ్ దగ్గర ఉండటం నిస్సందేహంగా నేమత్. అయితే అజాన్ మన నిజామాబాద్‌లో కూడా ఐదు పూటలా వినిపిస్తుంది. ‘అరబీ దానంతటదే వచ్చేస్తుంది’ అంటారు. ఫ్లాట్, స్కూల్ వ్యాన్, మన దేశపు బడి, వారాంతంలో మాల్. ఈ నాలుగు గోడల మధ్య అరబీ ఎక్కణ్ణుంచి వస్తుంది? బఖాలాలో దుకాణదారు కూడా మలయాళీయే.

కాబట్టి నా మాట ఇది. పోయే ముందే మియాబీవీ కూర్చుని ఫైసలా చేసుకోండి. వాపస్ రావాలనుకుంటే ఆ తారీఖును అప్పు లెక్కతో కాదు, పెద్ద బచ్చా క్లాసుతో ముడిపెట్టండి. తొమ్మిదో తరగతి మొదటి రోజుకు ఇక్కడ ఉండాలి. సూట్‌కేసులో ఆవకాయ డబ్బాకు దొరికే జాగాలో ఒక పెద్ద బాలశిక్ష, ఒక ఉర్దూ ఖాయిదా పడతాయి. రోజుకు అరగంట చాలు. అక్కడే బిడ్డ పుడితే ఏడాది లోపల మన కాన్సులేట్‌లో నమోదు చేయించండి, పౌరసత్వం విషయంలో లాపర్వాయీ పనికిరాదు. రామని మీ దిల్‌కు తెలిస్తే అది కూడా ఒప్పుకోండి. అప్పుడు అక్కడి జుబాన్ సరిగా నేర్పండి, పెద్ద చదువుకు పైసలు ఇప్పటినుంచే పక్కన పెట్టండి. ఎందుకంటే మీ ఇఖామా నీడ కొడుక్కి ఉమర్ భర్ ఉండదు.

ఔలాద్ అమానత్ అని ప్రతి బయానులో వింటాం. అమానత్‌ను ‘కొన్నాళ్ళే కదా’ అని ఎక్కడపడితే అక్కడ పెట్టి మరిచిపోరు. అమ్మీ దిల్ కుదుటపడటానికి ‘దో సాల్’ అని చెప్తే చెప్పండి. పిల్లలకు మాత్రం ఒక సాల్ పేరు, ఒక క్లాసు పేరు చెప్పి తీసుకెళ్ళండి.