ఏడోనాటి చెమట

పెన్సిలిన్ రాని రోజుల్లో న్యుమోనియాకి ఒక నడక ఉండేది. వణుకు, పక్కలో పోటు, తుప్పు రంగు కళ్లె, ఆపైన మగత. వారం గడిచాక ఏ తెల్లవారుజామునో ఒళ్లంతా చెమట పట్టి జ్వరం ఒక్కసారిగా దిగిపోయేది. అంతకు ముందురోజే ఎవరో తాయెత్తు కట్టి ఉంటారు, ఇంకెవరో ముడుపు కట్టి ఉంటారు. పేరు వాటికి దక్కింది. ఆ చెమట పట్టకుండానే పోయినవాళ్ల మెడల్లోనూ తాయెత్తులున్నాయి. వాటిని లెక్కపెట్టినవారు లేరు. కాకి వాలడం, తాటిపండు రాలడం అంటే ఇదే.

జ్వరం దించింది రోగి ఒళ్లే. ఈ జబ్బుకి ముఖ్య కారణమైన న్యుమోకాకస్‌ని 1881లో ఫ్రాన్స్‌లో పాశ్చర్, అమెరికాలో స్టెర్న్‌బర్గ్ ఎవరికి వారుగా గుర్తించారు. ఆరోగ్యంగా తిరిగే పిల్లల ముక్కుల్లోనూ అది ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి జారినప్పుడే ప్రమాదం. అక్కడ కాపలా కాసే కణాలు దాన్ని మింగబోతాయి, కానీ చిక్కదు. పూర్వం కన్నపుదొంగలు పట్టుబడితే జారిపోవడానికి ఒంటికి ఆముదం పూసుకునేవారంటారు. దీని ఒంటి మీదా అలాంటి పూతే ఉంది, చక్కెర జాతి పదార్థంతో చేసింది. ఆ పూతకి సరిపోయే యాంటీబాడీలు తయారు కావడానికి శరీరానికి వారం దాకా పడుతుంది. యాంటీబాడీ ఒక కొస పూతను పట్టుకుంటుంది, రెండో కొస తెల్లకణం చేతికి పిడిలా అందుతుంది. పిడి దొరికాక మింగడం క్షణాల పని. ఆ రక్షణ రక్తరసంలోనే ఉందని, ఒక కుందేలు నుంచి ఇంకో కుందేలుకి ఎక్కించవచ్చని 1891లోనే జర్మనీకి చెందిన క్లెంపరర్ సోదరులు చూపించారు.

నాకు బాధ కలిగించేది పసిపిల్లల సంగతి. రెండేళ్లలోపు బిడ్డ శరీరం ఆ చక్కెర పూతకు సరైన యాంటీబాడీలు చేసుకోలేదు. సాయం అందరికంటే ముందు అందాల్సిన ఆ బిడ్డ డొక్కలెగరేస్తుంటే గాలి సోకిందంటారు, దిష్టి తగిలిందంటారు, కొన్నిచోట్ల వాతలు పెడతారు. 2023లో మధ్యప్రదేశ్‌లోని షాడోల్ జిల్లాలో న్యుమోనియాతో ఉన్న పసిపాపకు కాల్చిన ఇనుప కడ్డీతో వాతలు పెట్టారు. పాప దక్కలేదు. చర్మం కాలితే ఊపిరితిత్తిలోని క్రిమికి ఏమీ కాదు. పైగా పుండులోంచి ఇంకో క్రిమికి దారి దొరుకుతుంది, ఆసుపత్రికి చేరాల్సిన గంటలు కరిగిపోతాయి.

"అన్నీ ఒళ్లే తట్టుకుంటుంది, టీకాలెందుకు" అనే చదువుకున్నవాళ్ల మాట కూడా నాకు ఆ వాతల పక్కనే కనిపిస్తుంది. తట్టుకోలేని వయసు ఉందనే కదా ఈ న్యుమోకాకస్ టీకా పుట్టింది! పూతలోని చక్కెరను ఒక ప్రొటీన్‌కి జతచేసి ఇస్తే, ఆ ప్రొటీన్‌ని గుర్తించిన టి-కణాలు ముందుకొచ్చి పసి శరీరానికి యాంటీబాడీల తయారీలో తోడ్పడతాయి. పూతల రకాలు వందకు పైనే ఉన్నాయి. టీకాలో ఎక్కువ హాని చేసే కొన్నిటినే చేరుస్తారు. హైదరాబాద్‌లోని బయోలాజికల్ ఇ చేసిన టీకాలో 14 రకాలున్నాయి. ప్రభుత్వం న్యుమోకాకస్ టీకాను 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలుపెట్టి, 2021 నుంచి దేశమంతటికీ విస్తరించింది. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల: మూడు సూదులు, ఉచితం.

బిడ్డ ఆయాసపడుతుంటే ముందు చొక్కా పైకెత్తండి. ఏడవకుండా ఉన్నప్పుడు గడియారం చూస్తూ ఒక నిమిషం పాటు పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. రెండు నెలలు నిండి ఏడాది నిండని బిడ్డకు 50 వచ్చినా, ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోతున్నా వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.