పరదేశికి పది రూపాయలు

అద్దంకి బస్సుస్టాండులో నిలుచున్నవానికి ఈ దృశ్యము క్రొత్త కాదు. నలిగిన బట్టలతో నొక పురుషుడు సమీపించును. మిరపకోతకు వచ్చితిననియు, మేస్త్రి కూలిడబ్బు చేత బెట్టకయే పోయెననియు, కర్నూలు వైపు పోవలెననియు, చార్జీకి తక్కువ పడినదనియు చెప్పును. వినువాడు ఒకమారు వాని ముఖము జూచును. ఒకమారు తన జేబు తడుముకొనును. ఇంతలో బస్సు వచ్చును. ఈయవలెనా, వలదా యను ప్రశ్న తీరకయే మిగిలిపోవును.

పెక్కురు దీనిని స్వల్పవిషయముగా నెంచుదురు. మేమట్లెంచజాలము. దేశసేవను గూర్చి సభలలో ఎన్ని యుపన్యాసములు వినలేదు! ఆ దేశమే పేరు దెలియని మనుష్యుడై వచ్చి చేయి చాచినప్పుడు మాత్రము మనకు అనుమానములన్నియు ఒక్కుమ్మడి పుట్టుకొనివచ్చును.

అనుమానము నిష్కారణమని మేమనము. నిన్న చార్జీ యడిగినవాడే నేడును అచ్చోటనే, అదే కథతో కనబడుట మేమును జూచితిమి. సెల్‌ఫోనులలో తిరుగు విన్నపముల సంగతి మఱియు అన్యాయము: ఏనాటిదో రోగిబాలుని చిత్రము, దానిక్రింద ఎవరిదో ఖాతా. అట్టివానికి ఆసుపత్రితో స్వయముగా మాటలాడి నిజము దెలిసికొననిదే దమ్మిడీయు పంపవలదు. మోసపోయినవారు వెంటనే 1930 అను నంబరునకు తెలుపవలెను. కాని ఎదుట నిలిచిన మనుష్యుని లెక్క వేఱు. ఏడాదిలో పదిమారులు పదేసి రూపాయల చొప్పున మోసపోయినను మనకు నష్టము నూఱు రూపాయలు. నిజముగా నాపదలో నున్నవానిని దొంగయని త్రోసిపుచ్చితిమా, వానికి నష్టము ఒక రాత్రి, ఒక పూట కూడు, ఒక్కొక్కప్పుడు వెంట నున్న పసిబిడ్డ యారోగ్యము. ఈ రెండు పొరపాటులను ఒకే త్రాసులో తూచుట న్యాయమా?

దేశకాలపాత్రములు చూచి దానము చేయుమని పెద్దలు చెప్పిరి, సత్యమే. అయితే పాత్రత నిర్ణయించుటకు బస్సు వచ్చులోపల మనకున్న సాధనమేది? మన యూరికి దానకీర్తి కొదువలేదు. క్రీ.శ. 848 నాటి పండరంగని శాసనము తెలుగు పద్యముతో పాటు ఒక భూదానమును గూడ శిలపై నిలిపినది. ఇచ్చోట రాజ్యము చేసిన ప్రోలయ వేమారెడ్డి దాతృత్వమును శాసనములు పొగడుచున్నవి. అవి రాజుల దానములు. పుట్ల లెక్కను, అగ్రహారముల లెక్కను సాగినవి. సామాన్యుల దానమునకు శాసనము లేదు. ఒక్కొక్క వారము ఒక్కొక్క యింట భోజనము పెట్టి పరాయి యూరి విద్యార్థిని చదివించిన వారాల పద్ధతి ఎన్ని గ్రామములలో నడువలేదు? ఏడిండ్ల వారిలో నే యొక్కరికిని అది భారము కాలేదు. విద్యార్థికి మాత్రము చదువు దక్కినది. మూడు రూపాయల పరీక్షరుసుమునకై ప్రకాశం పంతులుగారి తల్లి సుబ్బమ్మగారు తమ పట్టుచీర తాకట్టు పెట్టవలసి వచ్చినది. చిన్న మొత్తములను చులకన చేయువారు ఆ మూడు రూపాయలను తలచుకొందురు గాక.

ఇంకొక్క మాట. 1832-33 లో వచ్చిన నందన కరవున గుంటూరు సీమలో అయిదు లక్షల జనులలో రమారమి రెండు లక్షలమంది నశించిరి. ప్రాణములు దక్కించుకొనుటకు చెన్నపట్టణపు దారి బట్టినవారెందఱో! ఆ దారిలో మన ముత్తాతలే పరదేశులు. వారిని ఎవ్వరును పత్రములు చూపుమని యడిగియుండరు. గంజి పోసిన చేతులు కొన్ని యుండబట్టియే కదా నేడు కొన్ని వంశములు మిగిలియున్నవి.

కావున చిన్న మొత్తమునకు విచారణ వలదని మా యభిప్రాయము. రెండు ప్రశ్నలడుగుట చాలును: ఏ యూరు, ఏ బస్సు. వీలైనచో రొక్కమునకు బదులు టిక్కెట్టు కొని యీయవచ్చును, లేదా హోటలులో ఇడ్లీ పెట్టింపవచ్చును. మన రాష్ట్రపు స్త్రీలకు 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు మొదలగు బస్సులలో ప్రయాణము ఉచితమైనది. ఆ సంగతి తెలియక చార్జీ యడుగు నిరక్షరాస్యురాలికి అది తెలుపుటయే సాయము. పొరుగు రాష్ట్రమునుండి వచ్చిన కూలిస్త్రీకి ఆ సౌకర్యము లేదని మఱువరాదు. ఈయదలచనివారు ఈయకుందురు గాక. నీతిబోధ మాత్రము చేయవలదు. ఇచ్చి ఫోటో తీసికొనువారిని గూర్చి వ్రాయుటకు మాకు సిగ్గగుచున్నది.

అన్నిటికంటె మాకు బాధ కలిగించునది వేఱొకటి. ఆ కూలివాని కథ నిజమైనచో, అతడు మనలను యాచించుచున్న సొమ్ము అతనిదే, మేస్త్రి మ్రింగినది. మనము పది రూపాయలిచ్చి పంపివేసిన యెడల ఆ మేస్త్రి వచ్చే యేడును అట్లే చేయును. టిక్కెట్టు కొనుచునే మేస్త్రి పేరు, చేను ఎవరిదో, ఎన్ని దినముల కూలి నిలిచిపోయినదో ఒక కాగితముపై వ్రాసికొని, వాని వ్రేలిముద్ర వేయించి, కార్మికశాఖాధికారికి పంపుటకు చదువు వచ్చినవానికి పది నిమిషములు పట్టును. మన పఠనమందిరములలో సాయంకాలము కూర్చుండువారికి ఆ పది నిమిషములు కఱవా? మిరపకోతలు జనవరిలో ముమ్మరమగును. అంతకు మునుపే బస్సుస్టాండునొద్ది వర్తకులును, పఠనమందిరపు యువకులును కలిసి, ఇట్టి యర్జీలు వ్రాసిపెట్టుటకు సాయంవేళ ఒక బల్లయు, టిక్కెట్లకై ఒక చిల్లర డబ్బాయు ఏర్పాటు చేయవలెనని కోరుచున్నాము. ఆ డబ్బాలో మొదటి నూఱు రూపాయలు మావి.