కొండగట్టు ఏ తెర మీదా లేదు

ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాల్లో 1997 జూన్ 13న మంటలు రేగి 59 మంది చనిపోయారు. ఇద్దరు పిల్లల్నీ పోగొట్టుకున్న నీలం, శేఖర్ కృష్ణమూర్తి దంపతుల న్యాయపోరాటం మీద 2023 జనవరిలో నెట్‌ఫ్లిక్స్ ‘ట్రయల్ బై ఫైర్’ తెచ్చింది. మంచి సిరీస్. ఏడిపించడానికి తొందరపడదు. కోర్టు వాయిదాల విసుగును కూడా కథలో కలుపుకుంటుంది. అది చూస్తున్నంతసేపూ నా మనసు మాత్రం కొండగట్టు మీదే ఉంది.

2018 సెప్టెంబర్ 11న శనివారంపేట నుంచి జగిత్యాలకు వస్తున్న ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ దిగుతూ లోయలో పడింది. 60 మందికి పైగా పోయారు. మన ఆర్టీసీ చరిత్రలోనే అంత ఘోరం లేదు. చానళ్ల బండ్లు వచ్చాయి, ఏడుపులు చూపించాయి, వెళ్లిపోయాయి. ఆ బస్సు ఎన్నేళ్లది? ఘాట్ దారి ఎందుకు పట్టింది? పట్టేవాళ్లకు దాదాపు రెట్టింపు జనం ఒక్క బస్సులోనే ఎందుకు ఎక్కాల్సి వచ్చింది? ఒక్కో ప్రశ్నకు ఒక్కో ఎపిసోడ్ వస్తుంది. ఏ ఓటీటీ వాళ్లకూ ఆ మూడు ప్రశ్నలు తట్టలేదు. చావులోనూ రాజధాని చావు వేరు, పల్లె చావు వేరు అన్నట్టుంది వ్యవహారం.

దుబాయి సంగతి చూడండి. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని వలసను వరుసపెట్టి చెప్పుకునే నేల ఇది. ఒక నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో ఇరుక్కున్న సిరిసిల్ల ప్రాంతపు కూలీలు అయిదుగురు దాదాపు 18 ఏళ్లు దుబాయ్ జైల్లో ఉండి 2024 ఫిబ్రవరి నాటికి ఇళ్లు చేరారు. చనిపోయినవాడి కుటుంబం క్షమాభిక్ష పత్రం ఇచ్చినా జైలు తలుపు వెంటనే తెరుచుకోలేదు. రెండు దేశాల్లో రెండు రకాల పేద ఇళ్లు, మధ్యలో అర్థంకాని భాషలో నడిచే కోర్టు. ఇంతకన్నా నాటకం ఏ రచయిత కల్పించగలడు? ఆ మరుసటి నెలలోనే ‘ది గోట్ లైఫ్’ మన థియేటర్లకు వచ్చింది. సౌదీ ఎడారిలో చిక్కుకున్న మలయాళీ నజీబ్ కోసం మనవాళ్లూ కన్నీళ్లు పెట్టారు. పెట్టాల్సిందే, బ్లెస్సీ తీసిన తీరు అలాంటిది. కానీ కేరళ ఆ కథను 2008లో బెన్యామిన్ నవలగా రాసుకుంది, పదహారేళ్లు మోసి తెరకెక్కించుకుంది. మన అయిదుగురికి దక్కింది విమానాశ్రయంలో రెండు నిమిషాల బైటు.

తీసినవాటికైనా సరైన విలువ కట్టామా అంటే అదీ లేదు. 2023లో వచ్చిన ‘బలగం’ను సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి ఆ పల్లెల్లోనే తీశాడు. సమీక్షలన్నీ కన్నీళ్ల లెక్క చెప్పాయి. నాకైతే అది కథ ముసుగు వేసుకున్న డాక్యుమెంటరీ. చావు ఇంట్లో మూడో రోజు, అయిదో రోజు, పదకొండో రోజు ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ముద్ద పిట్ట ముట్టకపోతే ఎవరి ముఖం ఎలా మాడుతుంది, చివర్లో బుడగజంగాల కళాకారులు పాట ఎత్తుకుంటే లోపల దాచుకున్న పంచాయితీలు ఎలా బయటపడతాయి... ఆ పరిశీలన గురించి ఒక్క పేరా రాసినవాళ్లు తక్కువ. ఆసుయంత్రం చేసిన చింతకింది మల్లేశం జీవితాన్ని 2019లో ‘మల్లేశం’గా తీసిన రాజ్ ఆర్, 2025లో చిలకలూరిపేట బస్సు దహనం ఆధారంగా ‘23’ తీశాడు. ఒకే చట్టం ఒకరికి ఉరి, ఇంకొకరికి విడుదల ఎలా రాస్తుందని నిలదీసిన సినిమా అది. చర్చ జరగాల్సినంత జరగలేదు.

ఇక తెలుగు డాక్యుమెంటరీ అని ఓటీటీలో వెతికితే తగిలేది ‘మోడరన్ మాస్టర్స్: ఎస్.ఎస్. రాజమౌళి’, ‘ఆర్ఆర్ఆర్: బిహైండ్ అండ్ బియాండ్’. రాజమౌళి గొప్పవాడే. అయితే గొప్పవాడిని గొప్పవాడని గంటకు పైగా చెప్పించుకోవడం అభినందన సభకు దగ్గర. డాక్యుమెంటరీకి కనీసం ఒక ఇబ్బందికరమైన ప్రశ్న ఉండాలి.

“ఇవన్నీ ఎవరు చూస్తరు సార్?” అని ఒక చానల్ పెద్దమనిషి నన్నే అడిగాడు. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో ‘మై విలేజ్ షో’ మొదలుపెట్టినవాళ్లను ఎవరైనా అలా అడిగి ఉంటే వాళ్లు నవ్వి ఊరుకునేవాళ్లేమో. పొలం గట్టు, ఊరి యాస, గంగవ్వ మాట, వీటితోనే లక్షలమందిని కూర్చోబెట్టారు. టీవీ ఆ జనాదరణను గుర్తించి గంగవ్వను బిగ్‌బాస్ ఇంటికి పిలిచింది. ఆమె బతికిన ఊరి మీద ఒక గంట కార్యక్రమం వెయ్యాలని మాత్రం అనుకోలేదు. ‘బలగం’ను ఊరి నడుమ తెర కట్టుకుని చూసిన జనాన్ని మర్చిపోయారా?

తీసేవాళ్లు లేరనే సాకూ చెల్లదు. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు కెమెరా పట్టడం నేర్చుకుని, వరంగల్ బీటీ పత్తి రైతుల నష్టాన్ని సీజన్ వెంట సీజన్ చిత్రించారు. చదువు రాని చేతులకు అది సాధ్యమైంది. సిరిసిల్లలో సాంచెల మోత మధ్య ఆసామి ఎందుకు అప్పులపాలవుతాడో, 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డరు ఎవరికి ఎంత మిగిల్చిందో తీయడానికి ఇంకేం కావాలి? కోరుట్లలో తల్లి బీడీలు చుడుతుంటే కొడుకు గల్ఫ్ నుంచి డబ్బు పంపే ఇల్లు, 2015లో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు రైతు పడ్డ తిప్పలు, ఇవన్నీ సెట్టింగు ఖర్చు లేని కథలు.

తొందర ఎందుకంటే మనుషులు ఆగరు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రలో దొరల పెత్తనానికి ఎదురు నడిచిన ఇరవై ఏళ్ల పాలేరుకు ఇప్పుడు డెబ్బైకి దగ్గర. ఆ తర్వాతి నెలలోనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. పోలీసు రికార్డు ఎలాగూ దాచి పెట్టుకుంటారు. నడిచినవాళ్ల మాట మాత్రం వాళ్లతోనే పోతుంది.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. దూరదర్శన్ యాదగిరి వారానికి ఒక గంట ఇవ్వాలి. ప్రైవేటు చానళ్లు ఆదివారం మధ్యాహ్నం మళ్లీ మళ్లీ వేసే సినిమాల్లో ఒకదాన్ని వదులుకోవాలి. పత్రికలు సినిమాకిచ్చే సమీక్ష జాగాలో పావు వంతు డాక్యుమెంటరీకి ఇవ్వాలి. ముందు తీయండి, వెయ్యండి. బాగా లేకపోతే బాగా లేదని రాయడానికి నేనున్నాను.