పందిరి కింద వాడుతున్న టమోటా నారు
కొత్తగా నారు పెంచే రైతులకు కష్టనష్టాలు. గుర్తు తెలియకుండా మందులు కొట్టడమే ముఖ్య కారణం

పలమనేరు: టమోటా నారును నర్సరీలో కొనకుండా తామే పచ్చవల పందిరి వేసి పెంచుకుందామనుకునే రైతులు పడమటి మండలాల్లో ఇప్పుడు అక్కడక్కడ కనిపిస్తున్నారు. నారు ఖర్చు కలిసి వస్తుందని, మిగిలింది పక్క రైతుకు అమ్ముకోవచ్చునని వీరి ఆశ. ఆశ తప్పు కాదు. అయితే మొదటిసారి విత్తనం పెట్టినవారికి పది, పదిహేను రోజులు గడిచేసరికి నారు ఒరిగిపోవడమో, పసుపెక్కడమో, ముడుచుకుపోవడమో ఎదురవుతున్నది. వెంటనే మందుల అంగడికి పరుగెత్తడం, అక్కడ ఇచ్చిన రెండు మూడు మందులు కలిపి కొట్టడం, ఆ తరువాత మిగిలిన నారు కూడా మాడిపోవడం జరుగుతున్నది.

ఈ నష్టంలో చాలా భాగం తప్పించుకోదగినదే. నారు ఏ రోగంతో బాధపడుతున్నదో అది ముందుగానే గుర్తు చూపుతుంది. ఆ గుర్తు చదవడం నేర్చుకుంటే సగం సార్లు మందు అవసరమే ఉండదు. మిగతా సగంలో కూడా ఒక్క మందు సరిపోతుంది, లేదా ఏ మందూ పనిచేయదని ముందే తెలిసి డబ్బు మిగులుతుంది.

బావిగట్టు నుండి ట్రేలోకి

ఒకప్పుడు బావిగట్టున ఎత్తుమడి కట్టి, పశువుల ఎరువు వేసి, వరుసల్లో గింజలు పోసి పైన గడ్డి కప్పేవారు. విత్తనం ఇంటిది. నారు పోయినా మళ్లీ పోసుకునేవారు. సంకర రకాలు వచ్చిన తరువాత ఆ లెక్క మారిపోయింది. విత్తనం గ్రాముల్లో కొనవలసి వచ్చింది. ప్రతి గింజా మొక్క కావలసి వచ్చింది. అందుకే 98 గుంటల ప్లాస్టిక్ ట్రేలు, కొబ్బరి పొట్టు, పచ్చవల పల్లెల్లోకి వచ్చాయి.

సాలుకూ సాలుకూ నాలుగు అడుగులు, మొక్కకూ మొక్కకూ అడుగున్నర ఎడం పెడితే ఎకరాకు 7,260 మొక్కలు పడతాయి. అంటే 98 గుంటల ట్రేలు 75 కావాలి. నూటికి పది మొక్కలు చచ్చినా చేనులో ఏడు వందలకు పైగా సందులు పడతాయి. నారంతా పోతే విత్తనం ఖర్చుతో పాటు 25 రోజుల కాలం కూడా పోతుంది.

టమోటాలో 25 రోజులంటే ఎంతో ఈ ప్రాంతానికి వేరే చెప్పనక్కరలేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయి మదనపల్లె చిత్తూరు జిల్లా నుండి వేరుపడినా, మన కాయల వెల మీద అక్కడి మార్కెట్టు పలుకు ప్రభావం పోలేదు. 2023 జులై ఆఖరున ఆ మార్కెట్టులో మేలురకం కిలో 200 రూపాయల దరిదాపుకు వెళ్లింది. సెప్టెంబరు వచ్చేసరికి పది రూపాయల దగ్గరకు దిగజారింది. నారు దగ్గర జరిగిన ఆలస్యం కోత దగ్గర ఈ విధంగా బయటపడుతుంది.

మొదలు దగ్గర ఒరిగిపోతే

కొత్తవారికి మొదట ఎదురయ్యేది నారుకుళ్లు తెగులు. నిన్న నిటారుగా ఉన్న మొక్క ఈ రోజు నేలను తాకే చోట సన్నబడి, నీరు కారినట్లు మెత్తబడి పక్కకు పడిపోతుంది. ఒక గుంటలో మొదలై పక్క గుంటలకు, ఆ తరువాత పక్క ట్రేకు పాకుతుంది. దీనికి కారణం పొట్టులోనూ నీటిలోనూ ఉండే బూజు జాతి క్రిములు. అవి బలపడేది మాత్రం నీరు ఎక్కువైనప్పుడు, గాలి ఆడనప్పుడు.

నారు పోసినవాడు నీరు పోయడా అని సామెత. ట్రేల దగ్గర ఈ సామెత తిరగబడుతున్నది. పోసినవాడు ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పడుకోబోయే ముందు మరొకసారి నీరు పోస్తున్నాడు. పైన ఆరినట్లు కనిపించినా గుంట అడుగున పొట్టు తడిగానే ఉంటుంది. కాబట్టి కంటితో కాక చేతితో చూడాలి. పొట్టును పిడికిట్లో నొక్కితే వేళ్ల సందుల నుండి నీరు కారకూడదు. ట్రేను ఎత్తి చూస్తే తేలికగా ఉన్నప్పుడే నీరివ్వాలి. ఉదయం ఇచ్చిన నీరు సాయంత్రానికి ఆకు మీద ఆరిపోవాలి. కార్తె ముసురు పట్టిన రోజుల్లో, ఎండ లేనప్పుడు, నీరు పోయకపోవడమే మేలు.

ఒరిగిన మొక్క మళ్లీ లేవదు. ఆ ట్రేను వెంటనే వేరుచేసి, చచ్చిన మొక్కలను పొట్టుతో సహా తీసి దూరంగా పూడ్చాలి. మిగిలిన వాటికి నీరు ఆపి గాలి తగలనివ్వాలి. అప్పటికీ పాకుతుంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున కలిపి మొదళ్లు తడిసేలా పోయాలి. విత్తేముందు ట్రైకోడెర్మా పట్టించిన వారు దాని వెంటనే ఈ రాగి మందు పోస్తే రెండు ఖర్చులూ వృథా. ట్రైకోడెర్మా కూడా బూజు జాతిదే గనుక రాగి దానిని కూడా చంపుతుంది. రంగు పూసి వచ్చే విత్తనానికి ముందే మందు పట్టించి ఉంటుంది. దానికి ఇంట్లో మళ్లీ పట్టించనక్కరలేదు. పాత ట్రేలను కడగకుండా మళ్లీ వాడడం ఈ తెగులును మనమే పిలుచుకోవడం.

పొడుగ్గా సాగితే

కాడ తెల్లగా, సన్నగా సాగి ఆకులు చిన్నవిగా ఉంటే అది తెగులు కాదు, వెలుతురు కొరత. విత్తిన ట్రేలను ఒకదాని మీద ఒకటి పేర్చి పట్టా కప్పుతారు. మూడు నాలుగు రోజుల్లో మొలక తొంగిచూడగానే వాటిని విడదీసి పరచాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు చీకట్లో సాగిపోతాయి. చింతచెట్టు నీడలో పందిరి వేయడం, ఎండకు భయపడి రెండు వలలు కప్పడం కూడా ఇదే ఫలితాన్నిస్తాయి. ఎదగలేదని యూరియా నీళ్లు పోస్తే మరింత సాగి, నాటిన రోజు గాలికే విరుగుతాయి. నాటడానికి వారం ముందు నుండి నీరు కొంత తగ్గించి, ఎండ కొంచెం కొంచెంగా తగలనిస్తే కాడ గట్టిపడుతుంది.

పసుపెక్కితే ఏ ఆకో చూడాలి

పసుపు రంగు ఒక్కటే అయినా కారణాలు నాలుగు. అడుగు ఆకులు ముందు పసుపెక్కి పై ఆకులు లేతాకుపచ్చగా ఉంటే అది ఆకలి. కొబ్బరి పొట్టులో మొక్కకు తిండి ఏమంత ఉండదు. గింజలో ఉన్న బలం రెండు వారాలలో అయిపోతుంది. 19-19-19 ఎరువును లీటరుకు 2, 3 గ్రాములకు మించకుండా కలిపి ఇస్తే వారంలో రంగు తిరుగుతుంది.

మొక్క మొత్తం పాలిపోయి, పొట్టు తడిగా ఉంటే వేరుకు ఊపిరి ఆడడం లేదని అర్థం. ఒక మొక్కను పొట్టుతో సహా మెల్లగా పైకి తీసి చూడాలి. వేర్లు తెల్లగా ఉంటే భయం లేదు. గోధుమ రంగుకు తిరిగి కుళ్లు వాసన వస్తే నీరు ఎక్కువైనట్లే. దీనికి ఎరువు వేస్తే విషమే అవుతుంది.

కొత్త చిగురు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము అందడం లేదు. ఆకు అంచులు కాలినట్లు ఎండితే ఉప్పు ఎక్కువైంది. ఈ రెండింటికీ బోరు నీరే కారణం కావచ్చు. పడమటి మండలాల్లో వెయ్యి అడుగులు దాటిన బోర్లు ఎన్నో ఉన్నాయి. లోతుకు పోయేకొద్దీ నీటిలో లవణాలు పెరగవచ్చు. చేనులో ఆ ఉప్పును మట్టి కొంత ఓర్చుకుంటుంది. చిన్న గుంటలోని పిడికెడు పొట్టు ఓర్చుకోలేదు. కొబ్బరి పొట్టును సరిగా కడగకపోయినా ఇదే కష్టం. పందిరి వేయడానికి ముందే బోరు నీటిని పరీక్ష చేయించుకుంటే మంచిది. వాననీరు నిల్వ చేసుకున్నవారు దానినే నారుకు వాడుకోవచ్చు.

మార్గశిర, పుష్య మాసాల చలిలో ఆకు అడుగున ఊదా రంగు వస్తే బెదరనక్కరలేదు. చలికి వేరు భాస్వరాన్ని లాగలేకపోతుంది. ఎండ కాస్తే సర్దుకుంటుంది.

ముడత వస్తే మందు లేదు

అన్నింటికంటె పెద్ద నష్టం ఆకుముడత. చిగుళ్లు పైకి ముడుచుకుని, ఆకు చిన్నదై, మొక్క గిడసబారిపోతుంది. ఇది వైరస్ తెగులు. దీనిని మోసేది తెల్లదోమ. తెగులు సోకిన మొక్కను బాగుచేసే మందు ఏదీ లేదు. ఎవరైనా ఉందని అమ్మితే అది డబ్బు దండుగ. దోమను అడ్డుకోవడం, సోకిన మొక్కను పీకి పూడ్చడం తప్ప దారి లేదు.

ఇక్కడే కొత్తవారు మోసపోతున్నారు. పచ్చవల ఎండను ఆపుతుందే గాని దోమను ఆపదు. దాని కంతలలో తెల్లదోమ సులువుగా దూరుతుంది. దోమకు అడ్డుగా చుట్టూ సన్న కంతల నైలాన్ వల, 40 నుండి 50 మెష్‌ది, నేలదాకా కట్టాలి. వాకిలికి రెండు తెరలు ఉండాలి. లోపల పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీస్తే దోమ వచ్చిందీ లేనిదీ తెలుస్తుంది. కోతలు అయిపోయిన పాత టమోటా తోటను పీకకుండా వదిలేసి, దాని పక్కనే కొత్త నారు పెంచడం దొంగను ఇంట్లో పెట్టుకుని తలుపు మూసినట్లే. గట్ల మీది తుత్తురుబెండ, వయ్యారిభామ వంటి కలుపును కూడా తీసివేయాలి.

బెంగుళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన అర్క రక్షక్ వంటి రకాలు ఆకుముడతను తట్టుకుంటాయి. అయినా రకం మీద భారం వేసి వల మానుకోవడం తగదు.

ఎవరి తప్పు? ఎవరికి నష్టం?

ముడత తెగులులో మరొక చిక్కు ఉన్నది. దోమ కుట్టిన రెండు మూడు వారాలకు గాని ముడత కంటికి కనిపించదు. నారు ట్రేలో పచ్చగా ఉంటుంది, నాటిన తరువాత చేనులో బయటపడుతుంది. అమ్మినవారు మీ చేనులో సోకిందంటారు. కొన్నవారు మీ పందిట్లోనే సోకిందంటారు. చేతిలో రసీదు లేకపోతే ఈ తగవు తేలదు. నేడు కొత్తగా పందిరి వేసుకున్న రైతు రేపు పక్క రైతుకు నారు అమ్మితే, తానే ఈ తగవులో అవతలి పక్షం అవుతాడు.

ఉద్యాన నర్సరీల నమోదుకు రాష్ట్రంలో 2010లోనే చట్టం వచ్చింది. నారు అమ్మదలచినవారు ఉద్యాన శాఖ అధికారులను అడిగి నమోదు సంగతి ముందే తేల్చుకోవడం వారికే క్షేమం. కొనేవారు రసీదు మీద రకం పేరు, విత్తనం లాటు నంబరు, తేదీ రాయించుకోవాలి. విత్తనం తెచ్చుకునేవారు ఖాళీ ప్యాకెట్టును పంట చేతికి వచ్చేదాకా పారవేయరాదు.

నాసి విత్తనంతో నష్టపోయిన రైతు వినియోగదారుడే అవుతాడని, వినియోగదారుల న్యాయస్థానానికి వెళ్లవచ్చునని సుప్రీంకోర్టు 2012 జనవరిలో తీర్పు చెప్పింది. జాతీయ విత్తన సంస్థ మీద ఆంధ్రప్రదేశ్ రైతులు నడిపిన వ్యాజ్యంలోనే ఈ తీర్పు వచ్చింది. కాని రుజువు లేనిదే తీర్పు వల్ల ఉపయోగం లేదు. రసీదు, ప్యాకెట్టు, నాటగా మిగిలిన ఒక ట్రే నారు, తేదీ పడే ఫోను ఫోటోలు, అధికారి వచ్చి చూసి రాసిన కాగితం ఉంటేనే రైతు మాట నిలబడుతుంది.

చేయవలసినవి

మొదటిసారి నారు పెంచేవారు ఎకరాకు చాలినన్ని ట్రేలు ఒకేసారి పెట్టకుండా, పది ట్రేలతో ఒక విడత చేసి చూడడం మంచిది. తమ బోరు నీరు, తమ పందిరి వెలుతురు ఎలాంటివో ఆ పది ట్రేలే చెబుతాయి. జబ్బు కనిపించిన రోజున మందుల అంగడికి వెళ్లేముందు నాలుగు సంగతులు చూసుకోవాలి: పొట్టు తడి ఎంత, వేరు రంగు ఏది, పసుపెక్కింది పై ఆకా అడుగు ఆకా, ఆకు వెనుక దోమ ఉన్నదా లేదా. ఒకే రోజున రెండు మూడు మందులు కలిపి కొట్టరాదు. లేత ఆకు ఆ ఘాటుకే మాడుతుంది. ఏ మందు పనిచేసిందో కూడా తెలియకుండా పోతుంది.

ఇక ప్రభుత్వం వైపు నుండి కావలసినది పెద్ద పథకమేమీ కాదు. గ్రామ సచివాలయాలలో ఉద్యాన సహాయకులు ఉన్నారు. రైతు సేవా కేంద్రాలు ఉన్నాయి. నారు సీజనుకు ముందు మండలానికి ఒక పందిరిలో నీరు, వల, ట్రేల పద్ధతి చూపించవచ్చు. నమోదైన నర్సరీల పేర్లు కేంద్రం గోడ మీద అంటించవచ్చు. బోరు నీటి పరీక్షకు నమూనాలను ఊళ్లోనే తీసుకోవచ్చు. టమోటా ధర పడిపోయినప్పుడు అధికారులు, నాయకులు మార్కెట్టుకు వస్తున్నారు. నారు పోసే రోజున పందిట్లోకి ఒకసారి వస్తే రైతుకు అంతకంటె ఎక్కువ మేలు జరుగుతుంది.