ఈజిప్టుకు పోయే ముందు మందుల డబ్బా విప్పి చూసుకోండి

దసరా పోయినప్పటి నుంచి ఈజిప్టు గురించి అడిగేవాళ్లు ఎక్కువైండ్రు. ఒకప్పుడు తిరుపతి, కాశీ, ఇంకొంచెం చేతిల ఉంటే నేపాల్ అనుకునే మన పూర్వ భాగ్ వాళ్లు ఇప్పుడు పిల్లలు దుబాయిలనో మస్కట్‌లనో ఉండబట్టి, "అంతదూరం పోయినంక పిరమిడ్లు కూడా చూసొద్దాం" అంటుండ్రు. మంచిదే. పిరమిడ్ల సంగతి టూరు కంపెనీవాళ్లు చెప్తరు. వాళ్లు చెప్పకుండ వదిలేసేవి ఈ నెల రాస్తున్న.

అన్నిటికన్న ముందు మందులు. మన ఇండ్లల్ల ముప్పై ఏండ్లు సాంచెల కాడ నిలబడ్డ మనిషికి నడుమునొప్పి, మోకాళ్లనొప్పి లేకుండ ఉండవు. డాక్టరు రాసిచ్చిన నొప్పి మాత్రలల్ల చాలా వాటిల ట్రమడాల్ అనే మందు కలిసి ఉంటది. మన దేశంల కూడా 2018 నుంచి అది మత్తుమందుల చట్టం కిందికి వచ్చింది గాని, చీటీ ఉంటే ఇక్కడ దొరుకుతది. ఈజిప్టుల అట్ల కాదు. 2017ల ఒక బ్రిటిష్ మహిళ నడుమునొప్పి ఉన్న తన మనిషి కోసమని 290 ట్రమడాల్ మాత్రలు పెట్టెల పెట్టుకొని అక్కడ దిగింది. విమానాశ్రయంలనే పట్టుకున్నరు. మూడేండ్ల జైలుశిక్ష పడింది. నాకు తెల్వదు, నొప్పి మాత్రలే కదా అంటే కోర్టు వినలేదు.

కాబట్టి మందుల డబ్బా విప్పండి. మనకో అలవాటు ఉంది, పట్టీని కత్తెరతో కత్తిరించి నాలుగు నాలుగు మాత్రలు ఒక ప్లాస్టిక్ సంచిల వేసుకుంటం. అట్ల కత్తిరిస్తే పేరు పోతది, ఏం కలిసిందో రాసిన అక్షరాలు పోతయి. మందుల దుకాణంల కూర్చునే పిల్లగాడికి ఒక్కొక్కటి చూపించి "ఇందుల ట్రమడాల్ ఉందా, కోడీన్ ఉందా" అని అడగండి. కోడీన్ కొన్ని దగ్గు మందులల్ల కూడా ఉంటది. నిద్ర మాత్రల గురించి కూడా అడగండి. ఉంటే ప్రయాణానికి నెల ముందే డాక్టరు దగ్గరికి పోయి వేరే మందు రాయించుకోండి. రోజూ వేసుకునేది మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపెయ్యొద్దు, అది ఇంకో తిప్పలు. ఆ మందే తప్పదంటే ముంబైల ఉన్న ఈజిప్టు కాన్సులేట్‌ను ముందుగాల అడిగి, వాళ్లు చెప్పిన అనుమతి చేతికొచ్చినంకనే టికెట్ కొనండి. బీపీ, షుగర్ మందులు పూర్తి పట్టీలతోని, ఇంగ్లీషుల రాసిన డాక్టరు చీటీతోని, ఉండే రోజులకు సరిపడా మాత్రమే తీసుకపోండి. ఇన్సులిన్ చేతిసంచిల ఉండాలె. ఇంకొకరి మందుల పొట్లం "మా తమ్మునికియ్యి" అంటే చుట్టమైనా సరే, వద్దనండి. ఆడ మొహమాటం పనికిరాదు.

వీసా మామూలుగా మనవాళ్లు ఇక్కడి నుంచే తీసుకొని పోవాలె. పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలె. ఇంకో మాట, కాలేజీ అయిపోయి ఖాళీగ ఉన్న పిల్లలకు: "టూరిస్టు వీసా మీద రా, ఆడ బట్టల ఫ్యాక్టరీల పని పెట్టిస్త" అనేటోడు ఎవడన్నా తగిలితే ఆ మనిషి పేరు ఈమైగ్రేట్ అనే ప్రభుత్వ జాబితాల ఉందో లేదో చూడండి. టూరిస్టు వీసా మీద పని చేస్తే జీతం ఎగ్గొట్టినా అడిగే దారి ఉండదు.

డబ్బు సంగతి. ఆ దేశపు పౌండును వాళ్లు గినేహ్ అంటరు. 2024 మార్చి దాంక డాలరుకు 31 దాకా ఉన్నది, ప్రభుత్వం పట్టు వదలంగనే ఒక్కరోజుల 50 దగ్గరికి పోయింది. అంటే అంతకు ముందటి వీడియోలు చూసి లెక్క వేసుకుంటే పొసగదు. పౌండుకు నూరు పియాస్టర్లు. 50 పౌండ్ల నోటు ఉంది, 50 పియాస్టర్ల నోటూ ఉంది. చిల్లర ఇచ్చేటప్పుడు చిన్నదాన్ని పెద్దదని అంటగట్టేటోళ్లు బజారుల ఉంటరు. నోటుకు ఒకవైపు ఇంగ్లీషు ఉంటది, తిప్పి చదువుకోండి.

అంకెలు నేర్చుకోవడం ఒక్క పూట పని, నా మాట విని నేర్చుకోండి. మనకు సున్న లెక్క కనపడేది వాళ్లకు అయిదు. చుక్క పెడితే అది సున్న. మన ఏడు లెక్క కనపడేది ఆరు. ఇంగ్లీషు 'వి' అక్షరం లెక్క ఉంటే ఏడు, దాన్నే బోర్లేస్తే ఎనిమిది. ఒకటి, తొమ్మిది మనలాంటివే. మాటలు కుడి నుంచి రాసినా అంకెలు ఎడమ నుంచే చదవాలె. ఇవి వస్తే ధర చీటీ, రైలు పెట్టె నంబరు, బండి నంబరు అన్నీ మీరే చదువుకుంటరు.

బక్షీస్ అనే మాట మనదీ వాళ్లదీ ఒకటే. దారి చూపిస్తే, తలుపు తీస్తే, ఫోటో తీస్తే చెయ్యి చాపుతరు. చిన్న నోట్లు వేరే జేబుల పెట్టుకుంటే సరిపోతది. గిజాల ఒంటె ఎక్కేటప్పుడు మాత్రం ఎక్కడానికీ దిగడానికీ కలిపి ఎంత అని ముందే తెంపుకోండి. పైకెక్కినంక దిగడానికి వేరే అడుగుతరు, ఒంటె ఎత్తు సంగతి తెలుసు కదా.

శాకాహారులకు భయం లేదు. కోషరీ అని అన్నం, పప్పు, మకరోనీ, శనగలు కలిపి పైన వేయించిన ఉల్లిగడ్డ, టమాటా పులుసు వేసి ఇస్తరు, కడుపు నిండుతది. తామియా అంటే మన వడ లాంటిదే. కాకపోతే అదీ, ఫూల్ అనే కూరా ఒక రకం పెద్ద చిక్కుడు గింజలతోని చేస్తరు. జీ6పీడీ లోపం ఉందని డాక్టరు చెప్పినవాళ్లు ఆ గింజలు ముట్టొద్దు, రక్తం విరిగిపోతది. ములూఖియా అనే ఆకుపులుసు జనపనార చెట్టు ఆకుతోని చేసేదే. జూట్ మిల్లుల పనిచేసిన మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు వింతగ ఉంటది, సంచులల్లే చెట్టును వీళ్లు కూర వండుకుంటరు! దాన్ని ఎక్కువగ కోడి రసంలనో కుందేలు రసంలనో వండుతరు గనక అడిగి తినండి.

కైరో మెట్రోల మధ్య పెట్టెలు ఆడవాళ్లకే. మన అక్కలు నిశ్చింతగ ఎక్కొచ్చు.

ఇగ ఈజిప్టు పత్తి. పొడుగు పోగు పత్తి అంటే వాళ్లదే అని మిల్లుల ఉన్నోళ్లకు నేను చెప్పేదేముంది. కాని బజారుల ఆ పేరు పెట్టి అమ్మే దుప్పట్లన్నీ ఆ పత్తివి కావు. 2016ల మన దేశంల నేసిన దుప్పట్లనే ఈజిప్టు పత్తివని అమ్మినందుకు అమెరికా దుకాణమొకటి ఆ కంపెనీతోని వ్యాపారం తెంపుకుంది. ఒక పోగు లాగి కాల్చండి. కాగితం లెక్క కాలి బూడిదైతే పత్తి, ముడుచుకొని గట్టి గుండు అయితే పాలిస్టర్. సోలాపూర్ చాదర్ నేసిన చేతులకు మోసం ఎంత సేపు ఆగుతది?

కొందరు మహల్లా చూడాలంటరు. 1927ల మొదలైన పెద్ద నూలు మిల్లు ఆడ ఉంది. 2006 డిసెంబరుల, ఇస్తమన్న రెండు నెలల బోనసు ఇయ్యకపోతే ఇరవై వేల పైచిలుకు కార్మికులు పని ఆపిండ్రు, ముందు కదిలింది ఆడవాళ్లే. మన గిర్ణీ కథలు విన్నోళ్లకు ఆ ఊరి మీద మనసు పోవడం సహజం. ఊరు డెల్టాల, తంతా పట్టణం దగ్గర ఉంటది. పోతే పోండి, కాని గేటు కాడ ఫోటోలు తియ్యొద్దు. ఆ దేశంల పోలీసులు, సైనికులు, వంతెనలు, ప్రభుత్వ కట్టడాల ఫోటోలు తీస్తే ఫోను గుంజుకుంటరు. సమ్మె గురించి తెల్వనోళ్లతోని మాట పెట్టొద్దు. మీరు విమానమెక్కి వస్తరు, జవాబు చెప్పినోడు ఆడనే ఉండాలె.

శుక్రవారం, శనివారం బ్యాంకులు మూసి ఉంటయి, ఆదివారం తెరుస్తరు. మన మూడు పిన్నుల ప్లగ్గు గోడకు పట్టదు, రెండు సన్న పిన్నులది పడుతది. టూరిస్టు పోలీసు నంబరు 126, అంబులెన్సు 123. ఇవి ఫోన్ల కాదు, కాగితం మీద రాసి పెద్దవాళ్ల జేబుల పెట్టండి.