ముందు పరీక్ష, పిదప యంత్రము

2020 డిసెంబరులో ఏలూరునందు వందలకొలది జనులు మూర్ఛలతో ఆసుపత్రుల పాలైరి. ఢిల్లీ ఎయిమ్స్ వారు రోగుల రక్తమున సీసమును, నికెలును కనుగొనిరి. అవి త్రాగునీటినుండియే వచ్చెనని రూఢి కాలేదు. అయినను సంఘపు సొమ్ముతో నీటి యంత్రము కొనవలయునని మన సభ్యులు కొందఱు కోరుచున్నారు. పరీక్షింపక కొనుట మాకు సమ్మతము గాదు.

నీటిలోని సీసమునకు రంగు లేదు, రుచి లేదు. కాచినను పోదు సరికదా, నీరు ఆవిరియై తగ్గుటచే దాని పాలు కొంచెము హెచ్చును. లీటరునకు 0.01 మిల్లీగ్రాము మించరాదని భారత ప్రమాణము. నాలుకకు అందు కొలతయా యిది? పసిబిడ్డల మెదడునకు దీనివలన కలుగు హాని మరల బాగుపడదు.

సీసము తఱచు చెఱువునుండి గాక గొట్టములనుండియు, ఇత్తడి కుళాయిలనుండియు నీట చేరును. కావున రాత్రియంతయు గొట్టమున నిలిచిన నీటిని, వేకువను కుళాయి త్రిప్పిన వెంటనే ఒక బుడ్డిలో పట్టవలయును. కొంతసేపు నీరు విడిచి, రెండవ బుడ్డి నింపవలయును. రెంటిని పరీక్షాలయమునకు పంపవలయును. మొదటిదానియందే సీసము హెచ్చుగా నున్నచో కుళాయిని, గొట్టమును మార్చుట మేలు. రెంటను సమముగా నున్నచో మూలమునే శంకింపవలెను, అప్పుడు ఆర్.ఓ. యంత్రము కొనుట న్యాయమే.

వచ్చు సర్వసభ్య సమావేశమున ముందుగా పరీక్షా వ్యయమునకు అనుమతి నొసగ గోరుచున్నాము.